కొట్టివేత

ఉదయగిరి బస్టాండు దాటినాక
కొండ నీడ పడే చోట మా అడితి.
గేటు మీద లైసెన్సు నంబరు, మా నాయన పేరు.
ఆయన పోయి ఏడేళ్ళు.
రెన్యువల్ కాయితంలో తప్ప
ఇంకెక్కడా పేరు మార్చలేదు నేను.

దిండంత లావు స్టాకు రిజిస్టరు.
ఎడమ పక్క వచ్చింది, కుడి పక్క పోయింది.
దుంగకో వరస:
పొడవు, నడుం చుట్టుకొలత, జాతి,
ఏ సర్వే నంబరులో పుట్టింది,
ఏ పర్మిట్టు మీద ప్రయాణం చేసింది,
మొదట్లో ఏ సుత్తె ముద్ర పడింది.
పెళ్ళి సంబంధానికి పోయినా
ఇన్ని అడగరు.

"కట్టె అబద్ధమాడదురా,
అడ్డంగా కోస్తే వయసు చెప్పేస్తాది.
రాసేవాడి దగ్గరే జాగర్త" అనేవాడు నాయన.
తప్పు పడితే చెరిపేది లేదు, బ్లేడుతో గీకేది లేదు.
ఒక్క గీత కొట్టి, పక్కన సంతకం, తేదీ.
గీత కింద తప్పు
చదవడానికి వీలుగా ఉండాల.
అది రూలు.

మాఘంలో ఒక రాత్రి
మాలకొండయ్య ట్రాక్టరు లైట్లు ఆర్పుకుని వచ్చింది.
పైన జామాయిలు, కింద తొమ్మిది మొద్దులు.
ముద్ర కోసం టార్చి వేసి తడిమితే
వేలికి బంక తగిలింది, ఇంకా తడి.
"కాయితం రేపిస్తాలే అన్నా."
రేపు అనే ఊరికి ఇంతవరకూ బస్సు పడలేదు.
ధర మాత్రం అప్పుడే చెప్పాడు, సగానికి సగం.

నేను రాశాను:
పట్టా భూమి. వేప. తొమ్మిది.
రాయగానే అవి వేపలైపోయాయి.
రంపం ఒక్కటే నమ్మలేదు,
పొట్టు దంతం రంగులో రాలింది.

ఉగాది ముందర రేంజరు వచ్చాడు.
లెక్కపెట్టాడు, కూడాడు, మజ్జిగ తాగాడు,
కూడిక సరిపోయింది, సంతకం పెట్టాడు.
కూడిక సరిపోతే చాలనుకున్నా నేనూ.

మొన్న సోమవారం జిలానీబీ వచ్చింది.
గరిటెలు, స్పూన్లు, చేప పిడి ఫోర్కులు చెక్కుతుంది.
చూపుడువేలి గోరు సగమే ఉంటుంది,
మిగతా సగం ఆకురాయి తిన్నది.
ముక్కల్ని ముక్కు దగ్గర పెట్టుకుని ఏరింది.
డబ్బులిచ్చి, ఇంకా నిలబడింది.
"బిల్లు కావాల అబ్బయా.
బెంగుళూరు అంగడోళ్ళు అడగతా ఉండారు,
ఈ కట్టె యాడ కొట్టింది, ఎవురు ఒప్పుకున్నారు అని.
దేశం దాటే సరుకంట.
నీ రిజిస్టర్లో ఉంటాది గదా, రాసియ్యి."

ఉంటాది. ఉంది.
పెన్ను మూత తీశాను.
వేప అని రాస్తే ఆమె నవ్వుతుంది,
నలభై ఏళ్ళుగా నర్దిని వాసనతో పట్టే మనిషి.
నర్ది అని రాస్తే
ఏ కొండ అని అడుగుతుంది కాయితం.
ఫ్యాను తిరుగుతోంది.
బిల్లుబుక్కులో కార్బను లేస్తోంది, పడుతోంది.

ఆమె చూసింది. నన్ను కాదు, పెన్నుని.
"అయితే వద్దులే."
ముక్కలు ఒక్కొక్కటే బల్ల మీద పెట్టి,
గోనెసంచి దులిపి మడిచి
చంకలో పెట్టుకుని పోయింది.
డబ్బు వెనక్కి ఇవ్వాలని
ఆమె మలుపు తిరిగాక గుర్తొచ్చింది.

ఆ రాత్రి షట్టరు దించి
నూట నలభై రెండో పేజీ తీశాను.
వేప మీద ఒక్క గీత.
చదవడానికి వీలుగానే కొట్టాను.
పైన: నర్ది. పర్మిట్టు లేదు. కొట్టిన చోటు తెలియదు.
నాయన గీసిన గడిలో
తెలియదు అనే మాట పట్టలేదు,
మార్జిన్లోకి పోయింది.
సంతకం. తేదీ.

ఆరు అమ్ముడుపోయాయి,
ఎవరి వంటింట్లో గరిటెలయ్యాయో.
మూడున్నాయి.
పొద్దున్నే ఆటోలో వేసుకుని
రేంజి ఆఫీసులో దించేద్దామనుకున్నా.
తాడు కట్టేటప్పుడు గుర్తొచ్చింది,
వాటిని గేటు దాటించాలన్నా
పర్మిట్టు కావాల.

మొద్దులు దించేసి
జిలానీబీ డబ్బులు జేబులో,
రిజిస్టరు చంకలో పెట్టుకుని
నడిచే పోయాను.